కింద ఉన్నమ్మాయి

పొద్దున్న ఆరున్నరకి ఆ ఇంట్లో వినిపించేవి మూడే చప్పుళ్ళు. పొయ్యి మీద గుడ్లు ఉడికే గిన్నె మూత కదలడం, కూతురి గదిలో స్కిప్పింగ్ తాడు నేలకి తగలడం, తండ్రి దగ్గు. మాటలంటారా, అవి ఆ గడప తొక్కి ఎనిమిది నెలలైంది.

"గుడ్లు అయ్యాయమ్మా," అన్నాడు తండ్రి.

"సరే."

"ఉప్పు వెయ్యనా?"

"వద్దు."

"సాయంత్రం తొందరగా వస్తావా?"

"చూస్తా."

అంతే, ఆ రోజు కోటా అయిపోయింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పిల్ల విసుక్కోలేదు. ముఖం చిట్లించలేదు. తిన్న గిన్నె కడిగి బోర్లించింది, "వెళ్ళొస్తా" అని కూడా అంది. అదే ఆయన ప్రాణానికొచ్చింది. అరిస్తే తిరిగి అరవొచ్చు. అలిగితే బతిమాలొచ్చు. ఇంత మర్యాదగా ఉన్న మనిషిని పట్టుకుని ఏం చెయ్యాలో ఆయనకి తెలియలేదు.

ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు. ఇంటి కింద గదిలోనే లాండ్రీ. ముప్ఫై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల వాళ్ళ మరకలన్నీ ఆయన చేతుల మీదుగానే పోతున్నాయి. సిరా కానీ, తుప్పు కానీ, నూనె కానీ, బట్టని వెలుతురికి పెట్టి చూసి, ఒకసారి వాసన పీల్చి, "గురువారం రండి" అనేవాడు. గురువారానికి మరక ఉండేది కాదు. భార్య పోయి ఆరేళ్ళు. మిగిలింది ఈ ఒక్కగానొక్క కూతురు. ఇరవై మూడేళ్ళ పిల్ల, కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించే ఉద్యోగం. పొద్దునా సాయంత్రం మాత్రం పాత గోడౌన్‌లో పెట్టిన ఒక జిమ్‌కి వెళ్ళి, కుస్తీ, గుద్దులు, తన్నులు అన్నీ కలిపి నేర్చుకుంటుంది. దాన్ని మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటారట. ఒకసారి పట్టుకుంటే వదలదని అక్కడ ఆ పిల్లకి 'జలగ' అని పేరు పెట్టారు. కన్నకూతుర్ని జలగ అని పిలుస్తుంటే ఏ తండ్రికి బాగుంటుంది చెప్పండి?

ఆ ఆటంటే ఆయనకి మొదట్నుంచీ గిట్టదు. "వీధిలో కొట్టుకుంటే పోలీసులు పట్టుకెళ్తారు, అక్కడ కొట్టుకుంటే చప్పట్లు కొడతారు, ఇదెక్కడి న్యాయం?" అనేవాడు. "నువ్వొకసారి వచ్చి చూడు నాన్నా, తర్వాత తిట్టు," అని కూతురు నవ్వేది. అప్పట్లో నవ్వేది. అప్పట్లో షాపు మూసే వేళకి కిందకి దిగొచ్చి, మడత పెట్టిన దుప్పట్ల బొత్తి మీద ఎక్కి కూర్చుని, ఆ రోజు కళ్ళజోడు కోసం వచ్చిన వాళ్ళందరినీ అనుకరించి చూపించేది. నెత్తి మీద జోడు పెట్టుకుని, జోడు పోయిందని ఏడ్చిన ముసలాయన కథ అయితే నాలుగుసార్లు చెప్పించుకున్నాడు.

ఇప్పుడాయనకి కావాల్సింది అదొక్కటే. కూతురు మళ్ళీ తనతో నోరారా మాట్లాడాలి. ఇలాగే మాటా పలుకూ లేకుండా ఏదో ఒకరోజు పెట్టె సర్దుకుని వెళ్ళిపోతుందేమోనని ఆయన భయం. రోజూ పొద్దున్న ఆ స్కిప్పింగ్ తాడు చప్పుడు వినపడగానే, హమ్మయ్య, ఇవాళ ఇంకా ఉంది అనుకునేవాడు.

ఇంతకీ ఎనిమిది నెలల కింద జరిగిందేమిటంటే, కూతురు పిలిచింది కదా అని ఆయన ఒక పోటీకి వెళ్ళాడు. వెళ్ళినవాడు కుర్చీలో కూర్చున్నా బాగుండేది. ఆడే మనిషి తరఫున బరి బయట మూలలో ముగ్గురుంటారు. కోచ్, ఆయనకో సహాయకుడు, బకెట్టూ తువ్వాళ్ళూ పట్టుకునే ఇంకొకడు. ఆ మూడోవాడి భార్యకి సరిగ్గా ఆ రోజే పురిటి నొప్పులొచ్చాయి. "అంకుల్, తువ్వాళ్ళంటే మీకంటే ఎవరికి తెలుసు! వచ్చి నిలబడండి చాలు," అన్నాడు కోచ్. పిలిచిన మర్యాద అలా ఉంది మరి. ఆయన ఇనుప వల చుట్టిన ఆ బరి బయట, తాను స్వయంగా ఉతికిన తెల్ల తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాడు.

అవతలమ్మాయిని అందరూ 'సుత్తి' అంటున్నారు. మొదటి రౌండు ఎలాగో గడిచింది. రెండో రౌండులో సుత్తి ఆయన కూతుర్ని వెల్లకిలా పడేసి మీదకి వంగి గుద్దడం మొదలుపెట్టింది. కూతురి ముక్కులోంచి రక్తం కారి చెంప మీదుగా చెవిలోకి పోతోంది. కోచ్ ఏదో అరుస్తున్నాడు, జనం ఏదో అరుస్తున్నారు, ఆయనకి ఒక్క ముక్క వినపడలేదు. కింద ఉన్నది తన పిల్ల, పైనున్నది కొడుతోంది, అంతే కనపడింది. భుజం మీది తువ్వాలు తీసి వల మీంచి లోపలికి విసిరేశాడు. మూలలోంచి తువ్వాలు వచ్చి పడిందంటే ఓటమి ఒప్పుకున్నట్టు, అది ఆ ఆట నియమం. రెఫరీ వెంటనే ఆపేశాడు. సుత్తి గెలిచిందన్నారు.

కోచ్ నెత్తి పట్టుకుని కూలబడ్డాడు. కూతురు మాత్రం లేచింది, ముక్కు తుడుచుకుంది, వల దగ్గరికి వచ్చి తండ్రి ముఖంలోకి చూసింది. "పర్లేదు నాన్నా," అంది. ఆ 'పర్లేదు' వాళ్ళతో పాటే ఇంటికి వచ్చి తిష్ట వేసుకుని కూర్చుంది. ఆయన మాత్రం తాను తప్పు చేశానని ఏ రోజూ అనుకోలేదు. పిల్ల ప్రాణం కాపాడాను, పౌరుషంలో ఉంది కాబట్టి తెలియడం లేదు, నాలుగు రోజులు పోతే తనే అర్థం చేసుకుంటుంది అనుకున్నాడు. నాలుగు రోజులు పోయాయి. ఎనిమిది నెలలూ పోయాయి.

ఆ పొద్దున షాపు తెరిచి ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపే మాస్టారు వచ్చాడు. రిటైరైన లెక్కల మాస్టారు. రోజూ ఒక్క చొక్కా తెస్తాడు, అది ఇస్త్రీ అయ్యేదాకా బల్ల మీద కూర్చుని లోకాన్ని సరిదిద్దుతాడు.

"ఏవయ్యా, అమ్మాయి ఇంకా ఆ కొట్లాటలకి వెళ్తోందా?"

"వెళ్తోంది మాస్టారూ."

"ఆటంటే ఒక బంతుండాలి, ఒక గీతుండాలి, ఇంటికెళ్ళేప్పుడు నోట్లో పళ్ళన్నీ ఉండాలి. మనిషి మీద మనిషెక్కి పిడిగుద్దులు గుద్దుకోవడం ఆటేమిటయ్యా? నువ్వన్నా చెప్పొద్దూ?"

"మీరన్నదీ నిజమే," అన్నాడు లాండ్రీ ఆయన, కాలరు మీద నీళ్ళు చిలకరిస్తూ. అలా అన్నందుకు ఎందుకో సిగ్గేసింది. పిల్ల పైన ఇంట్లో ఉండగా అనలేని మాట, లేనప్పుడు పరాయివాడి ముందు ఎంత తేలిగ్గా వచ్చేసిందో!

పదకొండింటికి ఒకమ్మాయి సంచీతో వచ్చింది. సంచీలోంచి పసుపు రంగు కుర్తా తీసి బల్ల మీద పరిచింది. దాని మీద చిన్న చిన్న చేతుల గుర్తులు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ.

"పోతాయా అంకుల్? నర్సరీ పిల్లలు. రంగులు కాగితం మీద పుయ్యండర్రా అంటే టీచరుకి పూశారు. ఒక్కొక్కడు వామనుడనుకోండి, చూడ్డానికి జానెడు, చేసే పని మూరెడు. మొన్నొకడు నా జడ కొరికాడు. జడెవరైనా కొరుకుతారా? వాళ్ళమ్మని పిలిచి చెప్తే, ఇంట్లో పరుపు కూడా కొరుకుతాడండీ అని మురిసిపోయింది..."

ఆయన కుర్తా వెలుతురికి పెట్టి చూస్తూనే ఉన్నాడు, ఆ పిల్ల మాట్లాడుతూనే ఉంది. చివరికి ఊపిరి పీల్చుకోవడానికి ఆగి, "నన్ను గుర్తుపట్టలేదా అంకుల్? సుత్తిని!" అంది.

ఆయన తలెత్తి చూశాడు. ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఎవరో కానీ, కొట్టడం చూసి పెట్టలేదు, మాట్లాడటం విని పెట్టాడు అనిపించింది. నవ్వు మాత్రం రాలేదు. తన పిల్ల మీద కూర్చుని గుద్దిన చేతులు ఇవేనా? వేళ్ళ సందుల్లో ఇంకా ఆకుపచ్చ రంగుంది.

"కోపంగా ఉందా నా మీద?" అంది ఆ అమ్మాయి.

"నీ మీద కోపమెందుకమ్మా. ఆడావు, గెలిచావు."

ఆ మాటకి ఆ వసపిట్ట ఠక్కున ఆగిపోయింది. కుర్తా అంచు మడతలు పెట్టి విప్పింది.

"నేను గెలవలేదంకుల్. అది చెప్పాలనే వచ్చాను. ఎన్నిసార్లు ఈ సందు చివరిదాకా వచ్చి వెనక్కెళ్ళిపోయానో. ఇవాళ కుర్తా వంక దొరికింది."

"అదేమిటి?"

"కింద ఉన్నవాళ్ళు ఓడిపోతున్నట్టే కనిపిస్తారు అంకుల్, చూసేవాళ్ళకి. కానీ మీ అమ్మాయి కింద నుంచే రెండు కాళ్ళూ నా మెడ చుట్టూ వేసి బిగించేసింది. నా చెయ్యొకటి కూడా అందులో ఇరుక్కుపోయింది. నేను కొట్టినవి దెబ్బలు కాదు, గిలగిల కొట్టుకోవడం. కళ్ళు బైర్లు కమ్మాయి. మా ఆటలో ఇక నావల్ల కాదు అంటే చేత్తో మూడుసార్లు తడతాం, తట్టగానే అవతలివాళ్ళు వదిలెయ్యాలి. తడదామని చెయ్యెత్తాను. ఇంతలో తెల్లగా ఏదో వచ్చి రెఫరీ కాళ్ళ దగ్గర పడింది."

లాండ్రీ ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. "మా అమ్మాయికి తెలుసా?"

"తెలియకపోవడమేంటంకుల్! నా మెడ ఉన్నది తన కాళ్ళ మధ్యే కదా!" అనేసి, నాలుక్కరుచుకుంది. "కోచ్‌కి తెలుసు, అందరికీ తెలుసు. మీకెవరూ చెప్పకూడదని తను ఒట్టు వేయించుకుంది. నాతో వేయించుకోవడం మరిచిపోయింది కాబోలు. అంకుల్, ఆ రోజు గెలిచానని నాకిచ్చిన కప్పు ఇంట్లో పెట్టుకోలేక అటక మీద పడేశాను. సోమవారం తను వెళ్ళిపోతోంది కదా, వెళ్ళేలోగా మీకు చెప్పేసి, తర్వాత తనకీ..."

"ఎక్కడికి వెళ్ళిపోతోంది?"

అమ్మాయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ ఏం లాభం, అప్పటికే ఆలస్యమైపోయింది. దూరంగా ఉన్న ఇంకో నగరంలో పెద్ద శిక్షణ కేంద్రమట. ఏడాదిపాటు అక్కడే ఉండాలట. పోయినసారే తీసుకోవాల్సిందట, ఆ ఓటమితో తప్పిపోయిందట. ఇప్పుడు మళ్ళీ పిలిచారట. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చెప్పి, "అయ్యయ్యో, నా నోటికి కుట్లు వెయ్యాలి అంకుల్!" అని ఏడుపు ముఖం పెట్టింది.

"నువ్వు మంచి పనే చేశావమ్మా. గురువారం రా," అన్నాడాయన. ఆ అమ్మాయి వెళ్ళాక చూసుకుంటే, కుర్తాకి గుచ్చిన చీటీ మీద 'సోమవారం' అని రాసి ఉంది.

ఆ రోజు సాయంత్రం అయిదింటికే షాపు తలుపు దించాడు. పైకెళ్ళి వంటింట్లో కూర్చున్నాడు. ఎనిమిది నెలలుగా ఎదురుగా కూర్చుని అన్నం తిన్న మనిషి, ఒక్కసారైనా అనలేదే! నా చేతిలోకి వచ్చిన గెలుపు లాగేశావు నాన్నా అని ఒక్క మాట అనలేదే! తాను పిల్లని కాపాడుకున్నానని విర్రవీగుతూ రోజూ గుడ్లు ఉడకబెట్టి పెట్టాడు. అది తలుచుకుంటే ఆయనకి తల కొట్టేసినట్టయింది.

ఆరింటికి కూతురు వచ్చింది. గుమ్మంలో వంగి బూటు తాడు విప్పుకుంటోంది.

"సోమవారం ఎక్కడికమ్మా?"

తాడు మీద చెయ్యి ఆగిపోయింది. "ఎవరు చెప్పారు?"

"సుత్తి."

"దానికి నోరు కాదు, తూము!" అని, నిటారుగా నిలబడింది. "ఆదివారం చెబుదామనుకున్నా నాన్నా."

"ఆదివారం చెప్పి సోమవారం బస్సెక్కుతావా? నేను తండ్రినా, పక్కింటివాడినా?"

"ముందే చెప్తే ఏం చేస్తావు? తిండి మానేస్తావు. వద్దనవు, కానీ రోజంతా అలా చూస్తావు. ఆ చూపు నావల్ల కాదు."

"పోనీ, ఆ రోజు గెలుస్తున్నది నువ్వేనట కదా. అదీ చెప్పలేదేం?"

కూతురి ముఖం పాలిపోయింది. ఒక బూటు కాలికే ఉంది, ఒకటి చేతిలో ఉంది. "అది కూడా వాగిందా?"

"ఎందుకు చెప్పలేదని అడుగుతున్నా."

"నువ్వు తట్టుకోలేవు నాన్నా. అందుకే."

"నేను తట్టుకోలేనని నువ్వే తేల్చేశావా? నన్నడిగావా?"

"మరి నువ్వు నన్నడిగావా?" బూటు నేలకేసి కొట్టింది. ఎనిమిది నెలల తర్వాత ఆ ఇంట్లో మొదటి గట్టి చప్పుడు అదే. "నొప్పి నాది. ఒళ్ళు నాది. చాలు అనాల్సిన చెయ్యి నాది. అడక్కుండా నా బదులు నువ్వు ఒప్పేసుకున్నావు!"

"ముఖమంతా రక్తం! చూస్తూ ఊరుకోమంటావా?"

"ముక్కులోంచి నాన్నా! ఎండాకాలం ముక్కు చీదినా వస్తుంది!"

"ఏది ఏమైనా అది ఆట కాదమ్మా. మనిషిని కింద పడేసి కొట్టడం... పశువులు చేసే పని."

"పశువులకి రెఫరీ ఉంటాడా? బరి పక్కన డాక్టరుంటాడా? సమానమైన బరువున్న వాళ్ళనే దింపాలన్న నియమం ఉంటుందా? నాన్నా, అక్కడ దెబ్బలు తగులుతాయి. లేదనను. కానీ ఒక్కమాట చెప్పనా? నేను మూడుసార్లు తడితే చాలు, నన్ను చంపేలా కొడుతున్న మనిషి కూడా ఆ క్షణంలో వదిలేస్తుంది. లేపి నిలబెట్టి, నీళ్ళిస్తుంది. ఎంతవరకు ఓర్చుకోగలనో నిర్ణయించేది నేనే. బయట ఆ నిర్ణయం నాకెవరు వదిలారు నాన్నా? నువ్వు వదిలావా?"

"నేనేం చేశాను?"

కూతురి గొంతు బాగా తగ్గిపోయింది. "అమ్మ ఆస్పత్రిలో ఇరవై రోజులుంది. నేను హాస్టల్లో పరీక్షలు రాస్తున్నా. నువ్వు ఫోన్లో 'అంతా బాగానే ఉంది, చదువుకో' అన్నావు. నేనొచ్చేసరికి అమ్మ నన్ను గుర్తుపట్టలేదు. నేను తట్టుకోలేనని నువ్వు అనుకున్నావు. ఆ ఇరవై రోజులూ నావి నాన్నా. నావి. అమ్మే చెప్పొద్దంది కాబట్టి అప్పుడు నోరు మూసుకున్నా. ఇప్పుడు నేను నీకు అదే పని చెయ్యలేదా అంటావా? చేశా. నిన్ను చూసే నేర్చుకున్నా."

ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు. ఆ మాటల్లో ఒకటి ఆయన గుండెలో గుచ్చుకుంది. 'అమ్మే చెప్పొద్దంది.' ఆరేళ్ళ కింద కర్మకాండలయ్యాక పిల్ల ఏడుస్తూ అడిగితే ఆయన చెప్పిన సమాధానం అది. ఆ ఒక్క అబద్ధం మీదే పిల్ల తనని క్షమించింది. ఇప్పుడు నోరు మూసుకుంటే, సోమవారం దాకా ఏడుస్తారు, పిల్ల వెళ్తుంది, పండక్కో పబ్బానికో వస్తుంది. నోరు తెరిస్తే ఏమవుతుందో ఆయనకి తెలియదు.

"నీకొకటి చెప్పాలి తల్లీ. నువ్వు తట్టుకుంటావో లేదో నాకు తెలీదు. కానీ అది నీది. నేను దాచుకోకూడదు."

కూతురు చూస్తూ నిలబడింది.

"మీ అమ్మ చెప్పొద్దనలేదు. రోజూ నీ కోసం అడిగేది. 'పిల్లెప్పుడొస్తుందండీ' అని. రేపొస్తుంది, రేపొస్తుంది అని రోజూ చెప్పాను. నీకూ అబద్ధమే చెప్పాను, తనకీ అబద్ధమే చెప్పాను. నీ పరీక్షల కోసం కాదు. నిన్ను పిలిస్తే నిజంగానే పోతోందని ఒప్పుకున్నట్టు అవుతుందని. తట్టుకోలేనివాణ్ణి నేను. మీ ఇద్దరి పేరూ చెప్పి తప్పించుకున్నాను."

వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. కూతురు ఏడవలేదు, అరవలేదు. రెండో బూటు విప్పలేదు. అలాగే ఒక కాలికి బూటుతో గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆయన తలుపు దగ్గరికి వెళ్ళి, చెయ్యెత్తి, కొట్టకుండానే దించేసుకున్నాడు. లోపల్నుంచి వెక్కిళ్ళు వినపడ్డాయి. అవి విని ఆయన కూడా గోడకి చేరగిలబడి కొంగు లేని ఆడదానిలా చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.

సోమవారం పొద్దున ఆయనే పెట్టె మోసుకుని బస్టాండుకి వెళ్ళాడు. బస్సు కదలబోతుంటే కూతురు కిటికీలోంచి, "నాకు కొన్నాళ్ళు కావాలి నాన్నా. నేనే ఫోన్ చేస్తా. అప్పటిదాకా నువ్వు చెయ్యకు," అంది.

"ఎన్నాళ్ళు?" అని అడగబోయి ఆపుకున్నాడు. "సరే," అన్నాడు.

ఒంటరితనం అంటే ఏమిటో ఆయనకి భార్య పోయినప్పుడే తెలుసనుకున్నాడు. అప్పుడు తెలిసింది సగమే. అప్పుడు పక్క గదిలో పిల్ల ఉంది, పలకరించకపోయినా ఉంది. ఇప్పుడు పొద్దున్నే మెలకువ వస్తే దగ్గడానికి కూడా సిగ్గేసేది, వినేవాళ్ళెవరని. అలవాటు కొద్దీ నాలుగు గుడ్లు వేసేవాడు, రెండు తినేవాడు, రెండు మాస్టారుకిచ్చేవాడు. మాస్టారు వద్దనకుండా తినేవాడు. ఫోను ఇస్త్రీ బల్ల మీద కళ్ళ ఎదురుగా పెట్టుకునేవాడు. మోగితే ఎవరో బట్టలు అయ్యాయా అని అడిగేవాళ్ళు. కూతురి నంబరు తెరిచి చూసుకుని మళ్ళీ మూసేసేవాడు. చెయ్యకు అంది. మాటిచ్చాడు. ఆ మాట ఒక్కటైనా నిలబెట్టుకోకపోతే ఇక తాను ఎందుకూ పనికిరాడు.

మధ్యాహ్నాలు గిరాకీ లేనప్పుడు ఫోన్‌లో ఆ ఆటలు చూడటం మొదలుపెట్టాడు. మొదట్లో వేళ్ళ సందుల్లోంచి చూసేవాడు. గురువారం కుర్తా కోసం వచ్చిన సుత్తి, పక్కన కూర్చుని ఏది పట్టు, ఏది విడుపు అని విడమరిచి చెప్పింది. నర్సరీ పిల్లలకి చెప్పినట్టే చెప్పింది. ఆయనకి అలా చెప్తేనే ఎక్కింది.

ఒకరోజు మాస్టారు భుజం మీంచి తొంగి చూసి, "రామరామ! పాపం ఆ కిందున్న పిల్ల పని అయిపోయిందయ్యా!" అన్నాడు.

"కాదు మాస్టారూ. కిందున్న పిల్లే గెలుస్తోంది. కాళ్ళు చూడండి, ముఖం కాదు."

మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నాడు. రెండు నిమిషాల్లో పైనున్న పిల్ల నేల మీద మూడుసార్లు తట్టింది. కిందున్న పిల్ల చప్పున వదిలేసి, ఆ పిల్ల వీపు నిమిరింది.

"అయితే నీకిప్పుడు ఇది నచ్చిందంటావా?" అన్నాడు మాస్టారు అనుమానంగా.

"నచ్చలేదు. ఇప్పటికీ రక్తం కనపడితే ఫోను బోర్లిస్తాను. నచ్చడం వేరు మాస్టారూ, తెలియడం వేరు. తెలియకుండానే ఒకసారి చెయ్యి ఆడించాను, చాలు."

ఏడు వారాలు గడిచాయి. ఎనిమిదో శనివారం నాలుగింటికి, మాస్టారు చొక్కా మీద ఇస్త్రీ పెట్టె నడుస్తుండగా ఫోను మోగింది. కూతురు. ఆయన పెట్టె నిలబెట్టి, తడి చేతులు చొక్కాకి తుడుచుకుని, రెండు చేతులతో ఫోను పట్టుకున్నాడు.

"నాన్నా."

"చెప్పమ్మా."

"ఇవాళ ఇక్కడ మొదటి పోటీ. ఓడిపోయాను." అటువైపు ముక్కు చీదిన చప్పుడు. "చెయ్యి మెలి పెట్టేసింది. నేనే తట్టాను. కనుబొమ్మ చిట్లింది, నాలుగు కుట్లు. భుజం ఎత్తలేకపోతున్నా. చాలా నొప్పిగా ఉంది నాన్నా."

వచ్చెయ్ తల్లీ, ఇప్పుడే బస్సెక్కు, ఇక చాలు. ఈ మాటలన్నీ ఆయన గొంతు దాకా వచ్చాయి. ఆయన పళ్ళు బిగించి వాటన్నిటినీ మింగాడు. కళ్ళ నీళ్ళు మాత్రం ఆగలేదు, అవి ఆయన మాట వినలేదు.

"ఎక్కడెక్కడ నొప్పి? మొత్తం చెప్పు. నేను వింటున్నా."

కూతురు చెప్పింది. భుజం గురించి చెప్పింది, కుట్లు వేసిన డాక్టరు గురించి చెప్పింది, ఓడించిన పిల్లే తన బూట్లు విప్పి పెట్టిందని చెప్పింది. గదిలో ఒక్కతే కూర్చున్నానని, ఇక్కడెవరూ తెలియరని, రోజూ ఏడుపొస్తోందని చెప్పింది. అయినా వెనక్కి రానని చెప్పింది. ఆయన ఒక్కచోట కూడా అడ్డురాలేదు. "ఊఁ" అన్నాడు, "ఊఁ" అన్నాడు. మాస్టారు బల్ల మీంచి లేచి, తన చొక్కా తానే తీసుకుని, చప్పుడు చెయ్యకుండా బయటికి వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు.

కూతురు చెప్పడం ముగించింది. ఆయన ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు.

"నాన్నా, నేను చెప్పానుగా. ఇప్పుడు నువ్వు చెప్పు."

"ఏం చెప్పనమ్మా?"

"ఆ ఇరవై రోజులూ అమ్మ ఏం మాట్లాడింది, నా గురించి ఏం అడిగింది, ఏం తింది, ఎప్పుడు నవ్వింది. అన్నీ. ఏదీ తగ్గించి చెప్పకు. నేను వినగలను."

ఆయన దుప్పట్ల బొత్తి మీద కూర్చున్నాడు.

"మొదటి రోజు," అన్నాడు, "కిటికీ పక్క మంచం కావాలని నర్సుతో దెబ్బలాడింది మీ అమ్మ. నువ్వొస్తుంటే ముందు తనకే కనపడాలట..."